రెండు అప్పుల నడుమ కిరాణా దుకాణం



అప్పును గురించి మన మింబర్ల మీద తరచుగా రెండు రకాల మాటలు వినిపిస్తాయి. వడ్డీ తినేవానిని హెచ్చరించే మాట ఒకటి, తీసుకున్న అప్పును తీర్చమని అప్పుపడ్డవానికి బోధించే మాట మరొకటి. ఈ రెండు మాటలూ ఒకేసారి వర్తించే మనిషి ఒకడు మన గ్రామాలలో ఉన్నాడు. అతనిని గురించి మాత్రం మనం తక్కువగా మాట్లాడుకుంటాం. అతడే ఊరి కిరాణా దుకాణదారుడు. జగిత్యాల, పెద్దపల్లి పక్క పల్లెలలోనైనా, ఉట్నూరు, జైనూరు వైపు గూడేల నడుమనైనా ఇతని బ్రతుకు ఒక్క తీరుగానే ఉంటుంది. ముందు గదిలో ఉప్పు, పప్పు, నూనె, సబ్బులు. వెనుక గదిలో గోనె సంచులు. పంట చేతికి వచ్చిన నెలలలో ఇంటి గుమ్మం వద్దనే మక్కలు, కందులు, వడ్లు తూకం వేసి కొంటాడు. పైన పట్నంలోని టోకు వ్యాపారికో, మహిళా సంఘానికో, బ్యాంకుకో అతడు బాకీ ఉంటాడు. కింద నలభై, యాభై ఇండ్లవారు అతనికి బాకీ ఉంటారు. ఆ విధంగా అతని దుకాణం రెండు అప్పుల నడుమ నిలబడి ఉంటుంది. చిన్న రుణంతో ఆ దుకాణం ఎట్లా పెరుగుతుందో, ఎక్కడ చితికిపోతుందో, పెరిగే క్రమంలో అది ఎవరిని నలిపివేయగలదో ఈ జుమా నాడు వివరంగా చూద్దాం.

పాత సంగతి కొంత తెలిసి ఉండడం అవసరం. మన పెద్దలకు 'నాగు' అనే మాట బాగా తెలుసు. విత్తుల వేళ ఒక బస్తా ధాన్యం తీసుకున్నవాడు కోతల వేళ దానికి సగం కలిపి, అనగా బస్తాన్నర, కొలిచి ఇవ్వాలి. నాలుగైదు నెలల గడువుకు సగానికి సగం మిత్తి అన్నమాట. ఒక సంవత్సరం వాన మొఖం చాటేస్తే ఆ బాకీ మరుసటి సంవత్సరానికి ఎక్కుతుంది. ఆ తరువాత ఎద్దుల మీదికి, చివరకు భూమి మీదికి వస్తుంది. నిజాం కాలంలోనే ఈ పీడన ఎంత ముదిరిందంటే, 1349 ఫసలీలో, అనగా 1939-40 ప్రాంతంలో, హైదరాబాద్ రాజ్యం వడ్డీ వ్యాపారుల మీద ప్రత్యేక చట్టం చేయవలసి వచ్చింది. ఆ చట్టం వచ్చినంత మాత్రాన ఆదిలాబాద్ అడవి పల్లెలలో సావుకారి పట్టు సడలలేదు. అన్యాక్రాంతమైన భూముల వెనుక ఎన్నో చోట్ల ఒక చిన్న దుకాణపు ఖాతా పుస్తకం ఉన్నది. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గోండు సోదరుల మీద కాల్పులు జరిగిన నాటి ఆవేదనలో భూమి మాటతో పాటు ఈ అప్పుల మాట కూడా ఉన్నది. ఆ సావుకార్లలో చాలామంది మొదట ఉప్పు, బట్ట, పొగాకు అమ్ముకోవడానికి వచ్చినవారే. చిన్న దుకాణం పెద్ద ఉచ్చుగా మారడం మన ప్రాంతం కండ్లారా చూచిన సంగతి కనుకనే దీనిని ముందుగా చెబుతున్నాము.

చిన్న రుణం అనే ఆలోచన ఈ ఉచ్చును తెంచడానికే పుట్టింది. బంగ్లాదేశ్‌లోని జోబ్రా గ్రామంలో 1976లో ముహమ్మద్ యూనుస్ అనే ఆర్థికశాస్త్ర ఆచార్యుడు నలభై రెండు మంది పేదలకు కలిపి 27 డాలర్ల విలువ గల సొమ్మును తన జేబు నుండి ఇచ్చి సావుకార్ల చెర నుండి విడిపించిన ఉదంతం లోకమంతా తెలిసినదే. మన దేశంలో 1982లో డ్వాక్రా వచ్చింది. 2000లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వెలుగు పథకం మొదలై, తరువాత ఇందిర క్రాంతి పథంగా పేరు మార్చుకున్నది. పదిమంది, పదిహేనుమంది స్త్రీలు ఒక సంఘం. సంఘాలన్నీ కలిసి గ్రామ సంఘం. వాటి పైన మండల సమాఖ్య. 2011లో స్త్రీనిధి ఏర్పడింది. ఈ గ్రామ సంఘాలు చేసిన పనులలో ఒకటి మన అంశానికి మిక్కిలి దగ్గరిది. సభ్యుల ఇండ్లకు నెలకు ఎంత బియ్యం కావాలో ముందే లెక్క వేసి, టోకున కొని, ఇంటింటికీ అప్పుగా ఇచ్చి, వాయిదాలలో సొమ్ము రాబట్టేవారు. చిల్లరగా కొనే పేదవాడు ఎప్పుడూ ఎక్కువ ధర ఇస్తాడు. ఆ ఎక్కువను ఈ ఏర్పాటు మిగిల్చింది. నేడు అనేక గ్రామాలలో వడ్ల కొనుగోలు కేంద్రాలను నడుపుతున్నది కూడా ఈ సంఘాల స్త్రీలే.

అదే కాలంలో మరొక రకం సంస్థలు పల్లెలకు వచ్చాయి. అవి వారం వారం వాయిదా వసూలు చేసే సూక్ష్మరుణ కంపెనీలు. ఒక ఇంటికి మూడు, నాలుగు కంపెనీలు పోటీపడి అప్పులిచ్చాయి. ఒకదాని వాయిదా కట్టడానికి మరొకదాని వద్ద తీసుకునే దశ వచ్చింది. ఆత్మహత్యల వార్తలు వెలువడిన పిమ్మట 2010 అక్టోబరు 15న ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. వసూలు చేసే మిత్తి అసలును మించరాదని, ఇంటి మీదికి పోయి వేధించరాదని, గ్రామ పంచాయతీ వంటి బహిరంగ స్థలంలోనే వసూలు జరగాలని అది నిర్దేశించింది. ఆ తరువాత వసూళ్లు ఒక్కసారిగా పడిపోయాయి. కట్టలేనివారు ఊపిరి పీల్చుకున్నారు, సంతోషమే. అయితే కట్టగలిగి కూడా ఆ గాలిలో కట్టడం మానినవారు ఉన్నారు. వారి చర్యను మేము సమర్థించలేము. మిత్తి నిషిద్ధమన్నంత మాత్రాన అసలు కూడా మాఫీ అయినట్లు కాదు.

ఇక లెక్కలోనికి వద్దాం. మన పల్లెలలో మిత్తిని నూటికి నెలకు ఇన్ని రూపాయలని చెప్పుకుంటాము. నూటికి రెండు రూపాయలంటే సంవత్సరానికి 24 శాతం. పావలా వడ్డీ అంటే 3 శాతం. వారపు వాయిదా కంపెనీ వచ్చి "పదివేలకు వారానికి 225 రూపాయలు, యాభై వారాలు" అని చెబితే దుకాణదారుడు వెంటనే గుణించి 11,250 అని, పన్నెండున్నర శాతమే కదా అని తృప్తి పడతాడు. ఇక్కడే మోసపోవడం జరుగుతుంది. మొదటి వారం నుండే అసలు తిరిగి పోతున్నది కనుక సంవత్సరం పొడుగునా అతని చేతిలో సగటున ఉన్నది ఐదువేలే. ఐదువేల మీద 1,250 అంటే దాదాపు 25 శాతం. అనగా నూటికి రెండు రూపాయల మిత్తి కన్నా కొంచెం ఎక్కువే. 2022 ఏప్రిల్ నుండి అమలులో ఉన్న రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం సూక్ష్మరుణం ఇచ్చేవారు సంవత్సరపు అసలు భారమెంతో ఒక పత్రం మీద స్పష్టంగా వ్రాసి ఇవ్వాలి. ఇంటి నెల ఆదాయంలో సగానికి మించి వాయిదాలు ఉండరాదు. ఆ పత్రాన్ని అడిగి తీసుకునేవారు మాత్రం మనలో అరుదు. వడ్డీ విషయంలో మన ధర్మం ఏమి చెబుతున్నదో తెలిసినవారికి కూడా ఈ లెక్క అవసరమే. తాను దేని నుండి తప్పుకోవాలో దాని పరిమాణం తెలియనివాడు తప్పుకునే దారి కోసం గట్టిగా వెదకడు.

రుణం మిత్తితో వచ్చినా, మిత్తి లేకుండా వచ్చినా దుకాణానికి ఒక పరీక్ష తప్పదు. ఆ సొమ్ము ఎన్ని రోజులకు ఒకసారి తిరిగి చేతికి వస్తున్నదనేదే ఆ పరీక్ష. ఒక ఉదాహరణను ఊహించుకుందాం. ఒక దుకాణదారుడు 30,000 రూపాయలు మిత్తిలేకుండా రుణం తీసుకొని సరుకు నింపాడు. పన్నెండు నెలలలో నెలకు 2,500 చొప్పున తీర్చాలి. సరుకు పదిహేను రోజులకు అమ్ముడై, నూటికి ఎనిమిది రూపాయలు మిగిలిందనుకుందాం. పక్షానికి 2,400, నెలకు 4,800. వాయిదా పోను 2,300 ఇంటికి మిగులుతుంది. దుకాణం నిలబడింది. ఇప్పుడు అదే సరుకులో 18,000 రూపాయల విలువైనది పంట వచ్చేదాకా ఉద్దెరకు పోయిందనుకుందాం. తిరిగేది 12,000 మాత్రమే. నెలకు చేతికి వచ్చే మిగులు 1,920. వాయిదాకే 580 తక్కువ. ఆ తక్కువను అతడు ఎక్కడ నుండి తెస్తాడు? సరుకు కొనవలసిన డబ్బు నుండి తీస్తాడు. రెండవ నెల సరుకు ఇంకా తగ్గుతుంది, అలమరలు బోసిపోతాయి, నగదు ఇచ్చి కొనేవాడు పక్క దుకాణానికి పోతాడు, ఉద్దెరవాడు మాత్రం ఇతని దగ్గరే ఉండిపోతాడు. కాగితం మీద అతనికి లాభమే ఉన్నది. ఖాతా పుస్తకం నిండా అతనికి రావలసిన సొమ్మే. అయినా దుకాణం మూతపడుతుంది.

కనుక రుణంతో సరుకు నింపేవాడు ముందుగా రెండు సంఖ్యలు వ్రాసుకోవాలి. ఒకటి, ఉద్దెరకు ఇవ్వగల గరిష్ఠ మొత్తం. అది రుణపు సొమ్ములో నుండి కాక, తన సొంత పెట్టుబడిలో నుండి మాత్రమే ఉండాలి. రెండవది, ఒక్కొక్క ఇంటికి ఇవ్వగల హద్దు. కూలీ ఇంటికి వారం కూలి ఎంతో అంత. రైతు ఇంటికి మరికొంత. మొహమాటం వద్దని మేము చెప్పడం తేలిక, పక్కింటివాని పిల్ల గిన్నె పట్టుకొని వచ్చినప్పుడు కాదనడం కష్టమని మాకు తెలుసు. అటువంటి చోట ఉద్దెర వ్రాయకుండా తోచినంత దానంగా ఇచ్చి పంపడమే మేలు. దానం దానంగా ఉంటుంది, వ్యాపారం వ్యాపారంగా ఉంటుంది. రెంటినీ ఒకే పద్దులో కలిపితే కొన్నాళ్లకు రెండూ చెడతాయి.

ధాన్యం సంగతి వేరు. కిరాణా సరుకు పక్షానికి తిరుగుతుంది. వానకాలపు వడ్లు కార్తీకం దాటి వస్తాయి, యాసంగివి ఎండకాలంలో వస్తాయి, పత్తి దసరా తరువాత నుండి సంక్రాంతి వరకు సాగుతుంది. వారపు వాయిదా మీద తెచ్చిన సొమ్ముతో ధాన్యం నిల్వ చేయడమంటే నెలల తరబడి పాలివ్వని బర్రెకు రోజూ పాల లెక్క అడిగినట్లు. ధాన్యానికి తీసుకునే రుణం పంట గడువుకు ఒక్కసారిగా తీర్చేదిగా ఉండాలి, లేకపోతే తీసుకోరాదు. నిల్వ ఉంచితే ధర పెరుగుతుందని లెక్క వేసేవారు తరుగును మరచిపోతారు. నూటికి ఇరవై పాళ్ల తేమతో కొన్న క్వింటాలు వడ్లు పద్నాలుగు పాళ్లకు ఆరితే తొంభై మూడు కిలోలే మిగులుతాయి. ఏడు కిలోలు గాలిలో కలిసిపోయాయి. ఎలుకలు, పురుగులు తిన్నది వేరే. ప్రభుత్వ కొనుగోలు కేంద్రాలలో వడ్లకు తేమ హద్దు 17 శాతం. ఆ హద్దు దాటిన వడ్లను ఆరబెట్టుకునే కళ్లం లేని చిన్న రైతే దుకాణదారుని గుమ్మం వద్దకు వస్తాడు. తరుగు పేరుతో అతని వద్ద ఎంత కోత విధించాలన్నది తేమ యంత్రం చెప్పాలి. దుకాణదారుని ఇష్టం చెప్పరాదు.

మదీనా అంగడిలో దైవప్రవక్త (స) ఒక ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూచిన సంఘటన మనందరికీ తెలుసు. పైన పొడి గింజలు, లోపల తడి. వాన పడిందని వర్తకుడు సంజాయిషీ చెప్పుకున్నాడు. ఆ తడి గింజలను జనులకు కనబడేటట్లు పైన ఎందుకు ఉంచలేదని ఆయన నిలదీశారు. ఈ సంఘటనను మనం సాధారణంగా అమ్మేవానికి వర్తింపజేస్తాము. మన పల్లెలలో మాత్రం తడిని సాకుగా చూపి ఎక్కువ కోత విధించేది కొనేవాడు. తూకం, కొలతలలో తగ్గించేవారిని హెచ్చరిస్తూ దివ్యఖురాన్‌లో ఒక పూర్తి అధ్యాయమే ఉన్నది. అందులో తాము తీసుకునేటప్పుడు నిండుగా తీసుకునేవారి ప్రస్తావనతోనే మాట మొదలవుతుంది. ముద్ర వేయించని కాటాతో గుమ్మం వద్ద ధాన్యం కొనే సోదరుడు ఆ అధ్యాయాన్ని తన కోసం ఒకసారి చదువుకోవలసి ఉన్నది.

అన్నిటికన్నా సున్నితమైన విషయం పంట మీద ముందుగా ఇచ్చే సొమ్ము. విత్తనాలకు, ఎరువులకు, పిల్ల పెండ్లికి రైతు దుకాణదారుని వద్ద కొంత తీసుకుంటాడు. పంట ఇతనికే అమ్మాలన్నది షరతు. ధర అప్పుడు చెప్పరు. పంట వచ్చాక అంగడి ధర కన్నా క్వింటాలుకు వందో, రెండు వందలో తగ్గించి పట్టుకుంటారు. ఆ తగ్గింపును ఎవరూ మిత్తి అని పిలవరు. కాని అది మిత్తియే. పైగా ఎంతో ముందుగా తెలియని మిత్తి. పక్క ఊరిలో కొనుగోలు కేంద్రం తెరిచి ఉన్నా ఆ రైతు అక్కడికి వడ్లు తీసుకుపోలేడు. నాటి నాగుకు ఇది కొత్త రూపమని చెప్పడానికి మేము వెనుకాడము.

దీనికి ధర్మసమ్మతమైన దారి ఒకటి ఉన్నది. దైవప్రవక్త (స) మదీనాకు వచ్చినప్పుడు అక్కడివారు ఖర్జూరాల కోసం సంవత్సరం, రెండు సంవత్సరాలు ముందుగానే సొమ్ము చెల్లిస్తూ ఉండేవారు. ఆయన దానిని పూర్తిగా నిషేధించలేదు. కొలత గాని తూకం గాని తెలిసి ఉండాలి, గడువు తెలిసి ఉండాలి అని హద్దులు నిర్ణయించారు. దీనినే సలమ్ అంటారు. ఇందులో ధర మొత్తం ఒప్పందం నాడే రైతు చేతికి ముట్టాలి. ఏ రకం ధాన్యం, ఏ నాణ్యత, ఎన్ని క్వింటాళ్లు, ఏ తేదీకి, ఏ చోట అప్పగించాలో వ్రాసుకోవాలి. ఫలానా చెలకలో పండినదే కావాలని షరతు పెట్టరాదన్నది ధర్మవేత్తల మాట. ఆ చెలక ఎండిపోతే రైతు ఏమి తెచ్చి ఇవ్వగలడు? పంట పోయి గడువుకు ధాన్యం దొరకకపోతే కొన్నవాడు తన సొమ్ము తాను వెనుకకు తీసుకోవాలి, లేదా వేచి ఉండాలి. ఒక్క రూపాయి కూడా పెంచరాదు. ఇంకొక మాట: దుకాణంలో పాత ఉద్దెర బాకీని తెచ్చి, "ఇదే నీ పంటకు ముందుగా ఇచ్చిన ధర" అని వ్రాసుకోవడం సలమ్ కాదు. అప్పును అప్పుకు అమ్మడాన్ని ధర్మవేత్తలు అంగీకరించలేదు. మన ప్రాంతంలో ఎక్కువగా జరిగేది మాత్రం అదే.

రుణం, సరుకు, పంట అమ్మకం ఈ మూడూ ఒకే కప్పు కింద ఉండి కూడా రైతు మెడకు ఉరి కాకుండా నడవవచ్చునని చూపిన ఉదాహరణ మన దగ్గరలోనే ఉన్నది. పూర్వపు కరీంనగర్ జిల్లాలో, నేటి హనుమకొండ జిల్లా భీమదేవరపల్లి మండలంలోని ముల్కనూరులో 1956లో అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డి నాయకత్వంలో ఒక సహకార సంఘం మొదలయింది. అది సభ్యులకు అప్పు ఇస్తుంది, ఎరువులు, ఇంటి సరుకులు అమ్ముతుంది, వారి వడ్లు, పత్తి కొని మిల్లు ఆడించి అమ్ముతుంది, బాకీని పంట సొమ్ములో నుండి పట్టుకుంటుంది. పైకి చూస్తే సావుకారు చేసే పని కూడా ఇదే. తేడా ఒక్కటే. ఇక్కడ ఖాతా పుస్తకం సభ్యులది. మిగులు కూడా సభ్యులకే తిరిగి వస్తుంది. అది వడ్డీ లేని సంస్థ అని మేము చెప్పడం లేదు. పంట గడువుకు తగినట్లు అప్పు గడువును అమర్చడం, లెక్క అందరికీ కనబడేటట్లు ఉంచడం అక్కడ నేర్చుకోదగిన విషయాలు.

వడ్డీ లేని చిన్న రుణం కూడా మన నేలకు కొత్తది కాదు. 1890ల నాటికే హైదరాబాద్‌లో అటువంటి సంఘాలు పనిచేశాయి. ఆ నగరంలో పుట్టిన పండితుడు డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా వాటిని గురించి వ్రాశారు. ఒక మస్జిద్ పరిధిలో ఇరవై ఇండ్లవారు తలా కొంత వేసి ఖర్జె హసనా నిధి ఏర్పాటు చేసుకోవడం అసాధ్యమేమీ కాదు. అయితే మంచి ఉద్దేశం ఒక్కటే చాలదు. జకాత్ సొమ్మును ఇందులో కలపరాదు. దాని హక్కుదారులు వేరు. జనుల నుండి డిపాజిట్లు తీసుకోవాలంటే చట్టబద్ధమైన రూపం కావాలి, 2019 నుండి అనుమతి లేని డిపాజిట్ల మీద కేంద్ర చట్టం కఠినంగా ఉన్నది. 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద నమోదు చేసుకునే దారిని తెలిసినవారితో విచారించండి. మొదటి రుణం చిన్నదిగా ఉండాలి, తిరిగి వచ్చాకే రెండవది ఇవ్వాలి. దుకాణానికైతే పక్షం పక్షం వాయిదా, ధాన్యానికైతే పంట గడువు. నిర్వాహకుల బంధువులకు ఇచ్చిన రుణాలను నోటీసు బోర్డు మీద ముందుగా వ్రాయాలి. ఇటువంటి నిధులు ఎగవేత వల్ల పాడైనదాని కన్నా ఇచ్చేవారి పక్షపాతం వల్ల పాడైనదే ఎక్కువని మా అభిప్రాయం.

ఇక కింది అప్పు సంగతి. బాకీపడినవాడు ఇబ్బందిలో ఉంటే అతనికి వెసులుబాటు కలిగేదాకా గడువు ఇమ్మని బఖరా అధ్యాయపు 280వ వాక్యం ఆదేశిస్తున్నది. పైనున్నవారు తనకు గడువు ఇవ్వనప్పుడు తాను కిందివానికి ఎట్లా ఇవ్వగలనని దుకాణదారుడు అడుగుతాడు. న్యాయమైన ప్రశ్నే. అందుకే పైన చెప్పిన హద్దు: ఉద్దెర తన సొంత పెట్టుబడిలో నుండి మాత్రమే ఇచ్చినవాడు, కిందివాడు ఒక నెల ఆలస్యం చేసినా తన వాయిదా తప్పడు. గడువు ఇవ్వగల శక్తి అతనికి ఆ లెక్కలో నుండే వస్తుంది. ఇబ్బందిలో ఉన్నవాడు, ఎగవేసేవాడు ఒక్కటి కాదు. కొత్త మోటారు సైకిలు కొని కిరాణా బాకీ ఉంచినవానిని గట్టిగా అడిగే హక్కు దుకాణదారునికి ఉన్నది.

దాని తరువాతి రెండవ వాక్యం, 282వది, అప్పును వ్రాసుకొమ్మని చెబుతున్నది. ఖురాన్‌లో అన్నిటికన్నా పొడవైన వాక్యం అదే. అందులో వ్రాతకు మాట చెప్పవలసినది బాకీపడినవాడు. మన దుకాణాలలో జరిగేది దీనికి విరుద్ధం. పుస్తకం దుకాణదారుని వద్ద ఉంటుంది, వ్రాసేది అతడే, చదువురాని కూలీ తల ఊపి పోతాడు. ప్రతి ఇంటికి ఒక చిన్న పుస్తకం ఇవ్వండి. పది రూపాయల ఖర్చు. సరుకు ఇచ్చిన ప్రతిసారీ రెండు పుస్తకాలలోనూ ఒకే అంకె వ్రాసి, గట్టిగా చదివి వినిపించండి. ఇంట్లో బడికి పోయే పిల్ల ఉంటే ఆ పిల్ల ముందు వ్రాయండి. దుకాణదారుడు హఠాత్తుగా మరణిస్తే వారసత్వపు పంపకానికి ముందు అతని అప్పులు తీర్చాలి. అతనికి రావలసినవి రాబట్టాలి. అప్పుడు అతని భార్య చేతిలో ఒక పుస్తకం, ఊరి ఇండ్లలో దానికి సరిపోయే నలభై పుస్తకాలు ఉంటాయి.